నాలుగో దీపం దాటి

పానగల్,
9 సెప్టెంబర్ 2024

వదినా,

కవరు చూసి భయపడకు. మీ తమ్ముడు బాగానే ఉన్నాడు. పొద్దున రెండు ఇడ్లీలు ఎడమ చేత్తో తనే తిన్నాడు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్ ఆయన దిండు పక్కనే ఉంటుంది. ఎవరు చేసినా స్పీకర్ పెట్టాలి. నువ్వు "ఎట్లున్నవ్ సుభద్రా" అని అడిగినప్పుడల్లా నేను "మంచిగున్న వదినా" అంటాను. ఆయన నా నోటివైపే చూస్తుంటే ఇంకేమంటాను. నిరుడు ఉగాది తర్వాత పక్షవాతం వచ్చిన నాటి నుంచి, అంటే పదిహేడు నెలలుగా, నేను ఎవరితో ఏం మాట్లాడినా ఆయన విన్నాడు. అక్షరాలు మాత్రం ఆయనకు ఇప్పుడు కూడిరావడం లేదు. పేపరు ఇస్తే కాసేపు తిరగేసి పక్కన పెడతాడు. అందుకని రాస్తున్నాను. పిల్లలుంటే వాళ్లతో చెప్పుకునేదాన్ని.

జవాబు మా ఇంటికి రాయకు. చదివి వినిపించమంటాడు. పక్కింటి గీత, అంగన్‌వాడీ టీచరు, నీకు తెలిసిన పిల్లే. ఆమె పేరు మీద రాయి.

పక్షవాతం వచ్చాక ఆయన నోట్లోంచి తడుముకోకుండా వచ్చే మాట ఒక్కటే, నా పేరు. మిగతావన్నీ వెతుక్కుని, ముక్కలు ముక్కలుగా పలుకుతాడు. దవాఖానలో డాక్టరమ్మ కూడా "ఎంత అదృష్టమమ్మా నీది" అన్నది. ఊళ్లో అందరూ అదే అంటారు. ఆ అదృష్టం రోజుకు ఎన్నిసార్లో లెక్కే లేదు. బియ్యం కడుగుతుంటే సుభద్రా. తలస్నానం చేస్తుంటే సుభద్రా. కళ్లలో సబ్బుతోనే పరుగెత్తుకొస్తాను. పొద్దు వాలిందంటే ఇంకా ఎక్కువ. ఆయన మంచం పక్క కిటికీలోంచి ఇంటి ముందు తోట కనిపిస్తుంది కదా. తను నాటిన చెట్లే. చీకటి పడి అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేసరికి బెదిరిపోతాడు. నేను మంచం పక్కన లేకపోతే ఊరుకోడు.

మొన్న మీ అబ్బాయి శ్రవణ్ ఫోన్లో తన పని సంగతి చెప్పాడు. ఫాంహౌస్‌ల తోటల్లో నేలకు గుచ్చే చిన్న దీపాలట. పన్నెండు వోల్టులే, తడి చేత్తో ముట్టినా షాక్ కొట్టదు, ఎవరికి వాళ్లే పెట్టుకోవచ్చు అన్నాడు. అప్పటి నుంచి అదే ఆలోచన. తోటలో ఆ దీపాలుంటే నేను మల్లెపందిరి దగ్గర కూర్చున్నా ఆయనకు నా ముఖం కనిపిస్తుంది. కనిపిస్తే పిలవడు. ఒక్క అరగంట వదినా, గోడలు లేని చోట కూర్చోవాలని ఉంది.

ఒక పెట్టె పంపమని శ్రవణ్‌తో చెప్పు. ఎందుకో మాత్రం చెప్పకు.

నీ మరదలు
సుభద్ర


గద్వాల,
17 సెప్టెంబర్ 2024

సుభద్రకు,

కవరు మీద నీ చేతిరాత చూసి పని ఆపాను. మగ్గం గుంత అంచు మీద కూర్చుని చదివాను. ఆ రోజు పట్టు అంచు కలిపే పని. ఒక పోగు తప్పితే మొత్తం విప్పాలి. రెండుసార్లు విప్పాను.

నువ్వు రాసింది సగం అర్థమైంది, సగం కాలేదు. నా ఇంటాయన పోయి నాలుగేళ్లు. నన్ను బాలమణీ అని పిలిచేవాళ్లు లేరు. నీ పేరు పిలిచే మనిషి ఎదురుగా ఉన్నాడు, అదేమంత కష్టం అనిపించింది. కోపం తెచ్చుకోకు, అనిపించింది రాశాను.

పెట్టె దొరికింది. ఎర్రవల్లి దగ్గర ఒక ఫాంహౌస్ పనిలో మిగిలిందట. గురువారం వనపర్తి బస్సులో పార్సిల్ వేస్తాడు. ఎట్లా పెట్టాలో వాడు చెప్తుంటే రాసుకున్నాను, అదే దింపుతున్నాను.

నల్లడబ్బా ఒకటి ఉంటుంది. ఇంటి కరెంటును అదే పన్నెండు వోల్టులకు తగ్గిస్తుంది. దాన్ని వరండాలో మేకుకు తగిలించి ప్లగ్గు పెట్టు. నేలకు జానెడు పైనుండాలి, వాన పడొద్దు. దానికి పొడుగు వైరు బిగించి తోట వెంట పరుచుకుంటూ పో. దీపాలు ఎనిమిది. ఒక్కోదాని కింద ములుకు ఉంటుంది, మట్టి తడిపి చేత్తో గుచ్చాలి. సుత్తితో కొడితే పగులుతుంది. ప్రతి దీపానికీ ఒక క్లిప్పు ఉంటుంది. పొడుగు వైరును అందులో పెట్టి గట్టిగా నొక్కితే లోపలి సూదులు వైరులోకి దిగి దీపం వెలుగుతుంది. వైరు కోసేది లేదు, టేపు చుట్టేది లేదు. అన్నీ వెలిగాక వైరు మీద మట్టి కప్పు. ఆ తర్వాత రోజూ చీకటి పడగానే వాటంతటవే వెలుగుతాయట.

"అమ్మా, అత్త గంటల చేస్తది, నువ్వు పరేషాన్ కాకు" అన్నాడు.

నాకైతే పరేషానే. మా తమ్ముడు స్తంభాలెక్కిన లైన్‌మ్యాన్. వాణ్ని అడగకుండా వైరు ముట్టకు. వాణ్ని జాగ్రత్తగా చూసుకో.

బాలమణి


పానగల్,
30 సెప్టెంబర్ 2024

వదినా,

గంటలో కాలేదు, రెండు రోజులు పట్టింది. అయినా పెట్టింది నేనే.

పెట్టెను ఆయన మంచం మీదే విప్పాను. డబ్బాను ఎడమ చేత్తో తిప్పి తిప్పి చూశాడు. చదవలేడు కాబట్టి నేనే చెప్పాను, పన్నెండు వోల్టులని. ఆయన ముఖం వంకర్లు పోయింది. మళ్లీ ఏమైందోనని బెదిరాను. తీరా చూస్తే నవ్వుతున్నాడు. "నేను... పదకొండు వేలు" అన్నాడు. తను పని చేసిన పెద్ద లైను సంగతి. తర్వాత దీపాన్ని గడ్డానికి ఆనించుకుని "బొమ్మ" అన్నాడు.

ఎనిమిదింటినీ వరుసగా గేటు దాకా గుచ్చాను. గోళ్ల నిండా మట్టి. సాయంత్రం వెలిగాయి, కానీ గేటు దగ్గరి రెండూ మసకగా ఉన్నాయి. నేను పాడైనవి అనుకున్నాను. ఆయన కిటికీలోంచి చూసి "మధ్యల... మధ్యల నుంచి" అని మొదలుపెట్టాడు. నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది, ఆయనకు చెమటలు పోశాయి. డబ్బా నుంచి వచ్చే వైరును వరుస మొదట్లో కాకుండా నడుమ కలపాలట. అక్కడి నుంచి కరెంటు రెండు దిక్కులకూ పోతే దూరం తగ్గి అన్నీ ఒక్క తీరుగా వెలుగుతాయట. మర్నాడు అట్లాగే మార్చాను. ఎనిమిదీ ఒక్కలాగే వెలిగాయి. "సబాష్" అన్నాడు. ఆ మాట మాత్రం తడబడకుండా వచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను.

రెండు సాయంత్రాలు పందిరి కింద కూర్చున్నాను. పిలవలేదు. మూడో సాయంత్రం నిమ్మకాయ కోయడానికి ఐదో దీపం దగ్గరికి పోయాను. సుభద్రా అని ఒక్క కేక. లోపలికి పోతే నాలుగు వేళ్లు చూపించాడు. "నాలుగు. నాలుగు దాటకు."

ఇప్పుడు ఎనిమిది దీపాలు వెలుగుతాయి, నాకు నాలుగు. మంచం నుంచి నాలుగో దీపానికి ఇరవై రెండు అడుగులు, కొలిచాను. ఎనిమిదోదాని తర్వాత గేటు, గేటు అవతల సందు, సందు మలుపులో పాల సెంటరు. తొమ్మిదేళ్లు నేను నడిపిన సెంటరే కదా. ఇప్పుడు నిరోష అనే పిల్ల చూస్తోంది. సాయంత్రం ఆరింటికి క్యాన్ల చప్పుడు వినిపిస్తుంది. నాలుగో దీపం దగ్గర కూర్చుని వింటాను. మూత పడిన చప్పుడును బట్టి క్యాను ఎంత నిండిందో ఇప్పటికీ చెప్పగలను.

శ్రవణ్‌కు నా దీవెనలు చెప్పు.

సుభద్ర


గద్వాల,
15 అక్టోబర్ 2024

సుభద్రకు,

దసరా నాడు ఫోన్లో దీవించాను గానీ మనసు బాగాలేదు. ఇప్పుడూ బాగాలేదు.

మా మేనత్త కూతురు వెంకటమ్మ బతుకమ్మకు మీ ఊరు వచ్చింది కదా. ఇక్కడికి వచ్చి నలుగురిలో ఏమన్నదో విను. "బాలమణక్కా, మీ తమ్మునింట్ల పెండ్లి పందిరి లెక్క లైట్లు. మనిషి మంచంల ఉంటే ఇల్లు పార్కు చేసిండ్రు. సుభద్ర గేటు కాడ నిలబడి పాలోళ్లతోని నవ్వుకుంట మాట్లాడుతుండె." నేను తల వంచుకుని పోగులు సర్దుకున్నాను.

వెంకటమ్మ మాటను వదిలేద్దును. ఆదివారం నువ్వు నీళ్లు పట్టడానికి పోయినప్పుడు తమ్ముడు ఫోన్లో ఏడ్చాడు. "లైట్లు... గేటు... పోతది" అన్నాడు. ఆ మూడు మాటలకు వాడు ఎంత తన్నుకులాడాడో నువ్వు వినలేదు, నేను విన్నాను. వాడికి నీ ముఖం కనిపించాలని దీపాలు అడిగావు. నేను కొడుకును బతిమాలి పంపించాను. నువ్వు వాటితో గేటు దాకా దారి వేసుకున్నావు.

మా అమ్మ పదకొండేళ్లు మా నాయన మంచం పక్కన ఉన్నది. ఒక్కనాడు అరగంట కావాలని అడగలేదు.

ఆ దీపాలు పీకి పెట్టెలో పెట్టు. శ్రవణ్ వచ్చి తీసుకుపోతాడు.

బాలమణి


పానగల్,
22 అక్టోబర్ 2024

వదినా,

దీపాలు పీకలేదు. శ్రవణ్‌ను పంపకు.

వెంకటమ్మ చూసింది నిజమే. పండుగ నాడు గేటు దగ్గర నిలబడ్డాను, నవ్వాను కూడా. పాలు పోసి పోయేవాళ్లు ఆగి "సుభద్రమ్మా, మళ్ల సెంటరుకు ఎప్పుడొస్తవ్" అని అడిగారు. ఆ మాటకు నవ్వొచ్చింది, అంతే. సెంటరుకు కొత్త మిషను వస్తోంది. నాగర్‌కర్నూల్‌లో పది రోజులు నేర్చుకున్నవాళ్లకే ఇక సెంటరు ఇస్తారు. నవంబర్ పద్దెనిమిది నుంచి. నిరోషకు డిసెంబర్‌లో కాన్పు, పోయే వీలు లేదు. నేను కూడా పోకపోతే అది వేరే ఊరి మనిషికి పోతుంది. కిటికీ తెరిచే ఉంది, మీ తమ్ముడు విన్నాడు. పది రోజులన్నది ఆయన చెవిన పడిందో లేదో. నేను పోతానన్నది మాత్రం పడింది. ఫోన్లో ఏడ్చింది అందుకే.

ఇంకొక సంగతి ఉంది. అది ఎవరూ చూడలేదు. నేను చెప్తేనే నీకు తెలుస్తుంది.

మొన్న శుక్రవారం దీపాలు వెలిగాక నేను ఎనిమిదోదాన్ని కూడా దాటి గేటు పక్కన నీడలో నిలబడ్డాను. ఆయన పిలిచాడు. నేను పలకలేదు. మళ్లీ పిలిచాడు. కిటికీలో ఆయన ముఖం నాకు కనిపిస్తోంది, ఆయనకు నేను కనిపించను. లెక్కపెట్టాను. పదకొండుసార్లు పిలిచాడు. అంతసేపూ నా చేయి గేటు గొళ్లెం మీదే ఉంది. కాళ్లకు చెప్పులు కూడా లేవు. గొళ్లెం తీసి ఎటు పోదామనుకున్నానో ఇప్పుడు అడిగినా చెప్పలేను. తర్వాత ఆయన పిలవడం మానేశాడు. అప్పుడు భయమేసింది. పరుగెత్తాను. ఏమీ కాలేదు. నీళ్లగ్లాసు కింద పడి ఉంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. నేల తుడిచి వేరే గ్లాసుతో నీళ్లు తాగించాను. గ్లాసు ఒలకబోతే ఆయన తన చేతితో దాన్ని ఆపాడు.

మీ అమ్మ అరగంట అడగలేదని రాశావు. ఎవరిని అడగాలి? మీరు నలుగురు పిల్లలు. నీకు కావాలా అమ్మా అని మీలో ఎవరైనా ఆమెను అడిగారా?

ఈ కాగితాన్ని చింపేస్తావో, వెంకటమ్మకు చదివి వినిపిస్తావో నీ ఇష్టం.

సుభద్ర


గద్వాల,
6 నవంబర్ 2024

సుభద్రకు,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. చింపలేదు. ఎవరికీ చూపలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను, అన్నం వండినప్పుడల్లా చేతికి తగులుతోంది.

అమ్మ గురించి నువ్వు అడిగినదానికి జవాబు వెతికాను. ఒకసారి ఆమె నాతో అన్నది, "అలంపూర్ పోయి జర నది చూసొస్త బిడ్డా, పొద్దుగాల పోయి మాపటికి వస్త" అని. నాకు పంతొమ్మిదేళ్లు. "నది కాడ నీకేం పని" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. అది అడగడమేనని ఇన్నేళ్లూ నాకు తోచలేదు.

పదిహేడు తారీఖు ఆదివారం వస్తున్నాను. అప్పటికి మగ్గం మీది చీర దిగుతుంది. నీ కోసం వస్తున్నానని అనుకోకు. మా తమ్ముడి కోసం వస్తున్నాను. పది రోజులని పోయి రానివాళ్లను చూశాను. పదకొండో రోజు నువ్వు గేటు తీసుకుని రాకపోతే వాడికి నేనేం చెప్పాలో కూడా రాసిపెట్టి పో.

బాలమణి


నాగర్‌కర్నూల్,
19 నవంబర్ 2024

వదినా,

ఆదివారం రాత్రి నీతో సరిగా మాట్లాడలేకపోయాను. ఇద్దరం మంచానికి అటొకరు ఇటొకరు కూర్చుని మందుల గురించే చెప్పుకున్నాం. పొద్దున ఆయన నిద్రలో ఉండగానే బయలుదేరాను. ఆయన ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు.

ఫోన్ ఎందుకు చేయడం లేదో నీకు తెలుసు. నా గొంతు వింటే ఆయన మళ్లీ మొదలుపెడతాడు. పొద్దుటి బీపీ గోళీ పొడి చేసి ఇవ్వు, ఒక్కోసారి బుగ్గలో దాచుకుంటాడు.

ఇక్కడ పన్నెండు మందిమి. పాలలో వెన్న ఎంతో కొత్త మిషను అరనిమిషంలో చెప్తుంది. నేర్పే ఆయనకు మా పేర్లు గుర్తుండవు, ఊరి పేర్లతో పిలుస్తాడు. "పానగల్, ముందుకు రా" అంటాడు. నా పేరు విని రెండు రోజులైంది.

నిన్న రాత్రి తొమ్మిది గంటలు ఒకే తీరుగా పడుకున్నాను. మెలకువ వచ్చాక పక్కమంచం ఆవిడ ముందు ఏడుపొచ్చింది. ఇంటి మీద బెంగ అనుకుని ఆమె ఓదార్చింది. నేను కాదనలేదు.

నిజం రాయనా. రావాలనిపించడం లేదు. పొద్దున బస్టాండు ముందు నుంచి నడుస్తుంటే హైదరాబాద్ బస్సు కదులుతోంది. కండక్టర్ "ఎక్కుతవా అమ్మా" అని అడిగాడు. వద్దనడానికి నాకు కొంచెంసేపు పట్టింది. బస్సు ఆపుకుని మరీ ఆగాడతను. వద్దన్నాను.

ఆయనకేం చెప్పాలో రాసిపెట్టమన్నావు. ఎంత ఆలోచించినా ఏమీ తోచలేదు.

సుభద్ర


పానగల్,
23 నవంబర్ 2024

సుభద్రా,

గీత నీ ఉత్తరం తెచ్చి వంటింటి కిటికీలోంచి ఇచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి చదివాను. అది చదివేలోపు వాడు మూడుసార్లు పిలిచాడు.

ముందు వాడి సంగతి. తింటున్నాడు, గోళీలు మింగుతున్నాడు. మొదటి రోజు నిన్ను పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. నేను ఎదురుగా పోయి నిలబడితే ముఖం తిప్పుకున్నాడు. "నేను మీ అక్కను రా" అన్నా వినలేదు. రెండో రోజూ అంతే. స్నానానికి పోతే పిలుపు, పొయ్యి ముట్టిస్తే పిలుపు. మూడో రోజు సాయంత్రం దీపాలు వెలిగే వేళకు నా వల్ల కాలేదు. తలుపు వెనక నక్కి నిలబడ్డాను. పిలిచాడు, పలకలేదు. నిన్ను అన్ని మాటలన్న దాన్ని. నీకు పద్దెనిమిది నెలలు పట్టింది, నాకు మూడు రోజులు పట్టింది.

తలుపు సందులోంచి వాణ్ని చూశాను. వాడు తలుపు వైపు చూడడం లేదు, ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఫ్యానును చూస్తూ "సుభద్రా" అన్నాడు. దుప్పటి లాక్కున్నాడు. మళ్లీ ఫ్యానును చూసి "సుభద్రా" అన్నాడు. చలి పెడుతోంది, అంతే. నేను పోయి ఫ్యాను ఆపాను. ఊరుకున్నాడు.

అప్పటి నుంచి వాడి నోరు వదిలేసి కళ్లు చూస్తున్నాను. నీళ్లకు నీ పేరే. దోమకు నీ పేరే. నిన్న పిల్లి పాలగిన్నెలో మూతి పెట్టబోతే దాన్ని కూడా "సుభద్రా" అని అదిలించాడు. నాకు నవ్వు ఆగలేదు, మంచం మీద కూలబడ్డాను. వాడికీ నవ్వొచ్చింది. "నీళ్లకు సుభద్ర, పిల్లికి సుభద్ర, మరి సుభద్రను ఏమంటవ్ రా" అని అడిగాను. నవ్వు ఆపి చాలాసేపు వెతుక్కున్నాడు. పెదవులు కదిపాడు, వదిలేశాడు, మళ్లీ కదిపాడు. కిటికీలోంచి గేటు వైపు చేయి చూపించి "పని... మీద... పోయింది" అన్నాడు.

అన్ని పిలుపులూ ఫ్యానుకే అని చెప్పను. పొద్దు వాలేటప్పుడు నిన్నే వెతుకుతాడు, అది వేరుగా తెలుస్తుంది. గ్లాసు, చెంచా ఇచ్చి ఏదన్నా కావాలంటే కొట్టమన్నాను. రెండుసార్లు కొట్టి చెంచా విసిరేశాడు. నేర్చుకుంటాడో లేదో చెప్పలేను. కానీ వాడికి మాటలు లేక నీ పేరుతో నెట్టుకొస్తుంటే, అది నీ మెడకు చుట్టుకున్నదని మనమెవరమూ చూడలేదు. నువ్వు కూడా చూడలేదు, చూసే తీరిక నీకు ఎవరిచ్చారు.

హైదరాబాద్ బస్సు సంగతి చదివి నాకు కోపం రాలేదు. నా వయసులో నీకు రాసేటప్పుడు అబద్ధమెందుకు, నాకు కూడా నిన్న గద్వాల బస్సు గుర్తొచ్చింది.

శ్రవణ్‌తో మాట్లాడాను. నెలలో పది రోజులు నేను ఇక్కడ ఉంటాను. మిగతా రోజుల్లో సాయంత్రం సెంటరు వేళకు గీత వచ్చి కూర్చుంటుంది. పొద్దుటి పాలకు ఎవరు కూర్చోవాలో ఇంకా తేలలేదు. ఇదంతా కలిపినా నీకు సరిపోదని తెలుసు. ఉన్నంతలో ఇదీ.

బుధవారం ఆఖరి రోజు కదా. మధ్యాహ్నం బస్సెక్కి వనపర్తిలో మారితే ఐదున్నరకు దిగుతావు. దిగగానే సెంటరుకు పో. పాలు ఆరింటికి వస్తాయి. ఇంటికి తర్వాత రా, నేనున్నాను.

నీ వదినె
బాలమణి